గోడ తిన్న ఆంటీ

దయ్యాల గురించి బైబిల్లో చదివాను, సండే స్కూల్లో విన్నాను, అంతే. బయట ఎవరైనా ఏదో చూశామని చెప్తే, ముందు రోజు ఏం తిన్నారు, సరిగ్గా నిద్రపోయారా అని అడిగే రకం నేను. నా ఉద్యోగం కూడా అలాంటిదే. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరి దగ్గర రొట్టెలకి వాడే ఈస్టు తయారుచేసే కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. పిండి ఎందుకు పొంగింది, ఎందుకు పొంగలేదు అన్నదానికి కారణం చెప్తేనే అక్కడ జీతం. కారణం లేకుండా ఏదీ జరగదని మా ఆవిడ సుగుణతో ఇప్పటికీ వాదిస్తుంటాను.

ఆ వాదనలో నా నోరు మూయించడానికి సుగుణ దగ్గర ఒకే ఒక్క సంగతి ఉంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను. కల్పించింది ఏమీ లేదు. కల్పించేవాణ్ణయితే ఇంతకంటే బాగా కల్పించేవాణ్ణి.

ఇది ఎనభైల మధ్యలో ఒక వేసవి సంగతి. జాన్సన్, నేనూ గుంటూరులో ఒకే కాలేజీ, ఒకే చర్చి. అమెరికా వచ్చాక కూడా పక్క పక్క ఊళ్ళలోనే పడ్డాం. అతని భార్య విమల అంతకుముందు ఏడాది జబ్బుచేసి పోయింది. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఆరేళ్ళ రూత్. మేమందరం రూతీ అనేవాళ్ళం.

వేసవి అయిపోగానే రూతీని గుంటూరు పంపేయాలని జాన్సన్ నిర్ణయించుకున్నాడు. అక్కడ వాళ్ళ అక్క స్కూల్లో టీచరు. పిల్లని ఆవిడే పెంచుతానంది. టికెట్ కూడా కొనేశాడు. "ఆడపిల్లకి జడ వేయడం కూడా చేతకాదురా నాకు. నా దగ్గర ఉంటే ఏమైపోతుంది?" అన్నాడు నాతో. సుగుణకి ఒళ్ళు మండిపోయింది. తల్లి ఎలాగూ పోయింది, ఇప్పుడు తండ్రిని కూడా దూరం చేస్తారా అని మొహం మీదే అడిగేసింది. పిల్లకి సంగతి తెలుసు. గుంటూరులో స్నో ఉంటుందా అని నన్నడిగింది. లేదంటే వెళ్ళి బొమ్మలు సర్దుకుంది.

పిల్ల వెళ్ళేలోపు నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళొద్దాం అన్నది నేనే. ఎక్కడికో కూడా నేనే తేల్చాను, ఎందుకంటే నాకో పిచ్చి ఉండేది. అప్పట్లో అమెరికాలో బీరంటే పెద్ద కంపెనీల డబ్బా బీరే. ఆ రోజుల్లోనే అక్కడక్కడా మనుషులు సొంతంగా చిన్న చిన్న బ్రూవరీలు పెట్టడం మొదలుపెట్టారు. మూతబడిన వెన్న ఫ్యాక్టరీల్లో, డెయిరీ వాళ్ళు వదిలేసిన స్టీలు తొట్టెల్లో కాచేవాళ్ళు. తాగడం కంటే ఆ తొట్టెల దగ్గర నిలబడి వాసన చూడటం, వాళ్ళ ఈస్టు గురించి వాళ్ళనే అడిగి విసిగించడం నాకు ఎక్కువ ఇష్టం. విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు వెంబడి ఉత్తరంగా పోతే అలాంటివి కొన్ని ఉన్నాయని తెలుసుకున్నాను. పొద్దున బ్రూవరీ, మధ్యాహ్నం బీచ్. అదీ ప్లాను.

మా తెలుగు చర్చిలో తాగుడంటే మహాపాపం. అందుకని అక్కడ అందరికీ లేక్ చూడ్డానికి వెళ్తున్నామని చెప్పాం. అది అబద్ధం కాదు, సగం నిజం.

మొదటి బ్రూవరీ దగ్గర సుగుణ కారు దిగనంది. అద్దాలు దించుకుని ఎండలో కూర్చుంది. కాసేపటికి ఉడికిపోయి తనే లోపలికి వచ్చింది. వచ్చి ముక్కు ఎగబీల్చి, "రాగిమాల్ట్ కాస్తున్నట్టుందే" అంది. ఇంకాసేపటికి, తొట్టె తుడిచే గుడ్డ మురికిగా ఉందని ఆ బ్రూవరీ నడిపే గడ్డం ఆయనకి చెప్పింది. ఆయన పాపం సారీ చెప్పి గుడ్డ మార్చాడు. రూతీకి మొలకెత్తించి వేయించిన బార్లీ గుప్పెడు పెట్టాడు. అది నమిలి, బాగుందని గౌను జేబులో నింపుకుంది. విమల పోయాక జాన్సన్ నవ్వగా నేను చూడటం అక్కడే మొదలు. పక్కనే ఉన్న బీచ్‌లో ఆ సాయంత్రం కూతురితో ఇసుకలో గుంట తవ్వాడు. నేను, సుగుణ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇతను మనసు మార్చుకుంటాడేమో అని ఆశ. కానీ మోటెల్‌కి వెళ్ళాక మళ్ళీ పాస్‌పోర్టు సంగతే ఎత్తాడు.

అసలు సంగతి ఆదివారం జరిగింది. ఆ రోజు మేమెవరం ఒక్క చుక్క కూడా తాగలేదు. ఎందుకు తాగలేదో చెప్తాను, ఇది ముఖ్యం.

అప్పుడు మేం ఆగిన ఊళ్ళో జర్మన్ మూలాల వాళ్ళు ఎక్కువ. అందరూ లూథరన్ శాఖ క్రైస్తవులే. మేమూ లూథరన్లమే కాబట్టి పొద్దున అక్కడి చర్చికే వెళ్ళాం. ఆరాధన అయ్యాక బయట పచ్చికలో భోజనాలు. చూస్తే పాస్టర్‌గారు చొక్కా చేతులు మడుచుకుని, పీపాలోంచి బీరు పట్టి అందరికీ స్వయంగా ఇస్తున్నారు. ఊళ్ళో వాళ్ళు కాచిన బీరే. నేను అన్ని మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చింది అలాంటి దాని కోసమే. ఆయన నవ్వుతూ నాకో గ్లాసు, జాన్సన్‌కో గ్లాసు చాపారు. మా ఇద్దరి చేతులూ లేవలేదు. పాస్టర్‌గారి ముందు ఎలా తాగుతాం? చిన్నప్పట్నుంచీ తాగుడు మీద ప్రసంగాలు విని పెరిగిన ప్రాణాలు. "మేం తాగమండీ" అని ఇద్దరం ఒక్క గొంతుతో చెప్పి నిమ్మరసం తీసుకున్నాం. సుగుణ పొట్ట పట్టుకుని నవ్వింది. కాబట్టి తర్వాత జరిగినదానికి బీరు కారణం అనడానికి లేదు.

మధ్యాహ్నం బీచ్‌కి వెళ్ళాం. మిషిగన్ సరస్సు చూడనివాళ్ళకి చెప్పాలి. అవతలి ఒడ్డు కనపడదు. అలలుంటాయి. ఉప్పు లేదన్నమాటే గానీ సముద్రమే. ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళ కింద ఇసుకమేట ఉంటుంది. దాని మీద నిలబడితే నీళ్ళు చిన్నపిల్లకి కూడా నడుం దాటవు. కానీ ఆ మేటకీ ఒడ్డుకీ మధ్య కాలవలాగా లోతు. పైనుంచి చూస్తే ఆ లోతు తెలియదు. మాకూ తెలియలేదు.

జనం పెద్దగా లేరు. మాకు కొంచెం దూరంలో ముసలి దంపతులు మడత కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. రూతీ గాలి కొట్టిన ట్యూబు వేసుకుని ఒడ్డునే ఆడుకుంటోంది. సుగుణ తువ్వాళ్ళ కోసం కారు దగ్గరికి వెళ్తూ, "అన్నయ్యా, పాపని చూస్తూండండి" అంది. జాన్సన్ ఊఁ అన్నాడు. అతను అంతకుముందు నుంచే కళ్ళ మీద టోపీ పెట్టుకుని పడుకుని ఉన్నాడు. నిద్రలోనే ఊఁ అన్నాడని తర్వాత తెలిసింది. నేను కాస్త ఎగువన బల్ల దగ్గర సామాన్లు సర్దుతున్నాను.

గాలి నేలవైపు నుంచి నీళ్ళవైపుకి తిరిగింది. అలాంటి గాలికి ట్యూబు చడీచప్పుడు లేకుండా లోపలికి పోతుంది.

నేను తలెత్తేసరికి జాన్సన్ పరుగెత్తుతున్నాడు. దూరంగా నీళ్ళ మీద ట్యూబు తేలుతోంది. అందులో ఎవరూ లేరు. జాన్సన్‌కి ఈత రాదు. బూట్లు కూడా విప్పకుండా నేరుగా నీళ్ళలోకి పోయాడు. నాలుగు అంగల్లో నడుం దాకా, ఇంకో రెండు అంగల్లో గడ్డం దాకా మునిగాడు. తర్వాత తల కనపడలేదు. నేనూ, ఆ ముసలాయనా పరుగెత్తి చొక్కా పట్టి వెనక్కి లాగాం. నీళ్ళు కక్కుతూ కూడా మా చేతులు విదిలించుకుని మళ్ళీ పోబోయాడు. ఆ క్షణాన పిల్ల పోయిందనే నేను కూడా అనుకున్నాను.

అప్పుడు కారు వైపు నుంచి సుగుణ కేక వినపడింది. రూతీ ఒడ్డునే ఉంది. మాకు బాగా ఎడమవైపు, ఒక చిన్న వాగు సరస్సులో కలిసే చోట ఇసుకలో నిలబడి, చలికి వణుకుతూ మా వైపే చూస్తోంది.

తర్వాత ఏం జరిగిందో ఎవరైనా ఊహించుకోగలరు. జాన్సన్ కూతుర్ని వదల్లేదు. ముసలాయన చెప్పిన మాట మాత్రం రాయాలి. పిల్ల ట్యూబుతో పాటు ఇసుకమేట దాకా కొట్టుకుపోయి, అక్కడ కిందికి జారి నిలబడి ఉంటుందట. అక్కడి నుంచి నేరుగా ఒడ్డుకి బయల్దేరి ఉంటే లోతులో పడిపోయేదేనట. వాగు తెచ్చి పోసిన ఇసుక వల్ల ఆ మేటనుంచి వాగు నోటివైపు పక్కకి పోయే ఒక్క దారిలోనే లోతు తక్కువట. ఊరివాళ్ళకి తప్ప ఆ దారి తెలియదన్నాడు. ఆయన భార్య ఇంకో మాట అంది. పిల్ల ఆ దారి వెంట నడిచి రావడం తను చూసిందట. మాటిమాటికీ పక్కకి తలెత్తి చూస్తూ నడిచిందట, అందుకే ఏదో ఆట అనుకుందట. పక్కన ఎవరైనా ఉన్నారా అని అప్పుడు అడగాలని మాకు తోచలేదు.

తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నప్పుడు రూతీ ఒకటే చెప్పింది. "ఆంటీ పిలిచింది." మాకు అదేమీ వింతగా అనిపించలేదు. పిల్లకి సుగుణ ఆంటీయే కదా.

సాయంత్రం ఇంకా వెలుతురుండగానే ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాం. జాన్సన్ ఇంకా తేరుకోలేదు. సుగుణ వైపు తిరిగాడు.

"నువ్వు పిలవబట్టి సరిపోయింది చెల్లెమ్మా. నీ రుణం తీర్చుకోలేను."

"నేనెక్కడ పిలిచాను అన్నయ్యా? నేను చూసేసరికే అది ఒడ్డు మీదుంది. మీరు పిలిచారనుకున్నాను."

ముగ్గురం రూతీ వైపు చూశాం. అది నోటినిండా ఫ్రెంచ్ ఫ్రైస్ పెట్టుకుని ఉంది.

"నాట్ సుగుణ ఆంటీ. వేరే ఆంటీ," అంది.

ఆ ముసలావిడా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. తెల్లవాళ్ళలో పెద్దవాళ్ళు ఎవరైనా రూతీకి లేడీ, లేకపోతే మిస్. ఆంటీ అంటే మనవాళ్ళే. ఆ బీచ్‌లోనే కాదు, ఆ ఊళ్ళోనే మేం తప్ప మనవాళ్ళెవరూ లేరు. చర్చిలో కూడా అందరూ మమ్మల్నే వింతగా చూశారు.

"ఏమందమ్మా ఆంటీ?"

"గటెకూ అంది. దెన్ ఏట్ ఎ వాల్."

"ఏంటీ, గోడ తిన్నదా?" అంది సుగుణ.

"యా. ఏట్ ఎ వాల్ గరా, ఏట్ ఎ వాల్ గరా. షి వాజ్ సో మ్యాడ్."

మాకు నవ్వు ఆగలేదు. మధ్యాహ్నం నుంచి బిగపట్టుకున్నదంతా అలా బయటికి వచ్చింది. గోడ తిన్న ఆంటీ అని జాన్సన్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. భయానికి పిల్ల ఏదో అనుకుంది, దాన్ని విసిగించొద్దు అన్నాను నేను. ఆ సంగతి అక్కడితో వదిలేశాం.

మర్నాడు పొద్దున తర్వాతి ఊరికి బయల్దేరాం. నేను డ్రైవ్ చేస్తున్నాను. రెండువైపులా మొక్కజొన్న చేలు. పక్కసీట్లో జాన్సన్ చాలాసేపటి నుంచి పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను.

"కారు పక్కకి ఆపురా," అన్నాడు.

కడుపులో తిప్పుతోందేమో అనుకుని ఆపాను. అతను నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"ఏటవాలుగా రా."

నాకు ముందు అర్థం కాలేదు. వెనకసీట్లో సుగుణకి అయింది. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది. "గట్టెక్కు" అంది సుగుణ. "గట్టెక్కు, ఏటవాలుగా రా."

రూతీ తల ఊపింది. "అదే. ఐ టోల్డ్ యూ."

జాన్సన్ దిగి, వెనక తలుపు తీసి, కూతురి ముందు రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ అమ్మేనా అని అడిగాడు. అమ్మలా ఉందా, అమ్మ గొంతేనా, మొహం సరిగ్గా చూశావా అని ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగానూ అడిగాడు. అతను ఏ జవాబు కోసం అడుగుతున్నాడో ఆరేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోతోంది. చూడలేకపోయాను.

రూతీ తండ్రి చెంప మీద చెయ్యి వేసింది. "నో డాడీ. ఐ నో అమ్మ. అమ్మ కాదు. ఆంటీ."

జాన్సన్ ఏడ్చాడు. విమల సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, ఆ రోడ్డు పక్కన వెక్కి వెక్కి ఏడ్చాడు. సుగుణ అతన్ని ఏడవనిచ్చింది.

నేను కారు వెనక్కి తిప్పాను. పరీక్షించకుండా ఉండలేను, అది నా గుణం. ఆ బీచ్‌కే వెళ్ళి ప్యాంటు మడుచుకుని దిగాను. ఎలా వచ్చావో చూపించమని నేనంటే రూతీ వేలితో చూపించింది. వాగు నోటి నుంచి ఇసుకమేట దాకా ఏటవాలుగా పోతే నీళ్ళు నా మోకాళ్ళు దాటి తొడల దాకా వచ్చాయి, అంతే. జాన్సన్ దిగిన చోట నేరుగా దిగితే కాసేపటికే భుజాలు మునిగాయి, కాలు ఇంకా కిందికే పోతోంది. భయమేసి వెనక్కి వచ్చేశాను. ముందురోజు దంపతులు కనపడతారేమో అని చూశాం. కుర్చీలు లేవు.

ఇన్నేళ్ళలో నేను వెతికిన కారణాలు కూడా చెప్తాను. ఆ మాటలు పిల్ల మా దగ్గర విని ఉండొచ్చు. గట్టెక్కడం అనే మాట మా ఇళ్ళలో ఉంది, నిజమే. కానీ మేం గట్టెక్కేది వీసాల నుంచి, పరీక్షల నుంచి, కంపెనీలో మనుషుల్ని తీసేసే రోజుల నుంచి. నీళ్ళలో ఉన్న మనిషిని గట్టు ఎక్కమనడానికి ఆ మాట మేం ఎన్నడూ వాడలేదు. ఇక ఏటవాలు అన్న మాట అమెరికా వచ్చాక నా నోటి నుంచి ఒక్కసారి కూడా వచ్చిన గుర్తు లేదు. మేమందరం క్రాస్‌గా అనేవాళ్ళమే. విమల బెంగళూరు హాస్టళ్ళలో పెరిగింది. ఆవిడ తెలుగుని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఏటవాలు అంటే ఏమిటో ఆవిడకి తెలిసుండదు.

పిల్ల తనంతట తనే ఆ దారి పట్టిందనుకుందాం. అదృష్టం అనుకుందాం. ఆ అదృష్టానికి సరిపోయే మాట, దానికి అర్థమే తెలియని మాట, దాని నోట్లోకి ఎలా వచ్చింది? ఇక్కడికి వచ్చాక నా కెమిస్ట్రీ ఆగిపోతుంది.

ఇంటికి రాగానే జాన్సన్ గుంటూరుకి ఫోన్ బుక్ చేశాడు. అక్క పక్కింటి ఫోన్ దగ్గరికి వచ్చేదాకా లైను పట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. జరిగిందంతా అరిచి అరిచి చెప్పాడు. మన ఇంట్లో నీళ్ళలో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరందట. ఏట్లో ఉన్న పిల్లని ఏటవాలుగా రమ్మనక ఇంకేమంటారు, ఎవరైనా అదే అంటారు, అందులో వింతేముందని ఎదురు అడిగిందట. తర్వాత ప్రయాణం సంగతి అడిగింది.

"పంపట్లేదక్కా," అన్నాడు జాన్సన్. "ఎవరో ఏమో, పేరు కూడా తెలియని ఆవిడ దానికోసం నీళ్ళలోకి దిగి దారి చూపించింది. నేను తండ్రినయ్యుండి విమానం ఎక్కించి చేతులు దులుపుకోలేను. జడ వేయడం నేర్చుకుంటాను."

సుగుణే నేర్పింది. మొదట్లో వంకర పాపిటతోనే స్కూలుకి వెళ్ళేది పాపం.

ఇప్పుడు రూతీకే పెద్ద పిల్లలున్నారు. క్యారీ అనే ఊళ్ళో ఉంటుంది. జాన్సన్ కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఈ మధ్య మేం వెళ్ళినప్పుడు, ఆ ఆంటీ గుర్తుందా అని రూతీని మళ్ళీ అడిగాను. నిజంగా గుర్తులేదంది. "డాడీ షూస్‌తో వాటర్‌లోకి రావడం గుర్తుంది అంకుల్. ఆ గట్టు మీద నుంచి చూశాను. ఈత రాదుగా డాడీకి. ఐ వాజ్ సో స్కేర్డ్ ఫర్ హిమ్," అంది. తండ్రి కూర్చున్న కుర్చీ వెనక నిలబడి ఆ మాట చెప్పింది.

భోజనానికి కూర్చున్నప్పుడు జాన్సన్ ప్రార్థన చేశాడు. అన్నం కోసం, పిల్లల కోసం, మా ప్రయాణం కోసం అన్నీ అయ్యాక, "ప్రభువా, ఆ ఆంటీని చల్లగా చూడు" అన్నాడు. తల నెరిసిపోయిన మనిషి, మనవల ముందు, ఆంటీ అనే అన్నాడు. రోజూ అంతేనట. వేరే పేరు తెలియదు మరి.

నా నోరు ఊరుకోదు కదా. ఆమేన్ అనగానే అందుకున్నాను. "ఒరేయ్, చనిపోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చేయంరా. పాస్టర్‌గారు వింటే తిడతారు."

జాన్సన్ పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

"ఆవిడ చనిపోయిందని నీకెవరు చెప్పార్రా?"

అంతవరకూ అది నేను ఆలోచించనే లేదు.